గేటు దగ్గర వేసిన లెక్క, రెస్పాన్స్ షీట్ పెట్టుకుని వేయాల్సిన లెక్క

జేఈఈ మెయిన్ షిఫ్ట్ అయిపోగానే సెంటర్ గేటు బయట వినిపించే మాటలు హైదరాబాద్‌లో అయినా, గుంటూరులో అయినా ఒకటే.

"మామా, ఆ కెపాసిటర్ బిట్టుకి ఎంతొచ్చింది?"

"యూ బై ఫోర్."

"అదేంట్రా, నాకు యూ బై టూ వచ్చింది!"

ఇక అక్కణ్నుంచి ఇంటికెళ్లేదాకా ఒకడికి మనసు మనసులో ఉండదు. నిజానికి ఇద్దరి లెక్కా కరెక్టే కావచ్చు. ఛార్జ్ చేసిన కెపాసిటర్‌ని బ్యాటరీ నుంచి తీసేసి, అలాంటిదే ఛార్జ్ లేని ఇంకో కెపాసిటర్‌కి కలిపితే, మొదట ఉన్న యూ శక్తిలో సగం పోతుంది. మిగిలిన సగాన్ని రెండూ చెరిసగం పంచుకుంటాయి. "ఎంత శక్తి నష్టమైంది" అని అడిగితే జవాబు యూ బై టూ. "ఒక్కో కెపాసిటర్‌లో ఎంత ఉంది" అని అడిగితే యూ బై ఫోర్. బిట్టులో అసలు ఏం అడిగారన్నది ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. మూడు గంటల్లో 75 బిట్లు చూసి వచ్చినవాళ్లకి తాము చేసిన స్టెప్పులు గుర్తుంటాయి, ప్రశ్నలోని మాటలు గుర్తుండవు. తేడా వచ్చేది అక్కడే.

పైగా కంప్యూటర్ పరీక్షలో ప్రశ్నపత్రం చేతికి రాదు. రఫ్ షీట్లు హాల్లోనే తీసేసుకుంటారు. ఒకే షిఫ్టులో రాసినా బిట్ల వరస, ఆప్షన్ల వరస మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి "ఇరవై రెండో బిట్టు", "ఆప్షన్ సి" అని చెప్పుకోవడంలో అర్థం లేదు. జవాబు విలువ ఎంత, యూనిట్ ఏంటి, ప్రశ్నలో ఏం ఇచ్చారు అనేవి మాత్రమే పోల్చుకోవచ్చు.

గేటు దగ్గర వేసుకున్న స్కోరు మామూలుగా అసలు స్కోరు కంటే ఎక్కువే ఉంటుంది. కారణం ఉంది. స్నేహితుల మధ్య చర్చకి వచ్చేవి అనుమానం ఉన్న బిట్లే. ఖచ్చితంగా కరెక్ట్ అనుకుని పెట్టేసి, నిజానికి తప్పైన బిట్లని ఎవరూ ఎత్తరు. మైనస్ గుర్తు మర్చిపోయినవి, "నాట్ కరెక్ట్" అన్నదాన్ని "కరెక్ట్" అని చదివినవి, సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చనివి అన్నీ ఆ జాతివే. ఒక్కో తప్పుకి పోయేది నాలుగు మార్కులు కాదు, అయిదు. వస్తాయనుకున్న నాలుగు రావు, పైన మైనస్ ఒకటి పడుతుంది. ఇలాంటివి ఆరు ఉంటే 30 మార్కుల తేడా. "కీలో చూస్తే ఇంత తగ్గిందేంటి" అనే ఆశ్చర్యం ఎక్కువగా ఇక్కడి నుంచే పుడుతుంది.

ఆ సాయంత్రం ఏదో ఒకటి చేయకపోతే నిద్ర పట్టదు అనుకునేవాళ్లు ఒక పని చేయొచ్చు. యూట్యూబ్‌లో ఏ సొల్యూషన్ వీడియో పెట్టుకోకముందే, ఒక తెల్లకాగితం మీద సబ్జెక్టు వారీగా గుర్తున్న బిట్లు, పెట్టిన జవాబు విలువ, ఎంత నమ్మకం ఉందో రాసి పెట్టుకోవాలి. వీడియో చూశాక రాస్తే జ్ఞాపకం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. "నేనూ అదే పెట్టాను" అనిపించడం మొదలవుతుంది. మెమరీ బేస్డ్ పేపర్లు అంటున్నవి పదిమంది పిల్లలు చెప్పిన ముక్కలు కలిపి కుట్టినవి. అంకెలు మారిపోతాయి, ఒక్కోసారి ప్రశ్నలోని షరతే ఎగిరిపోతుంది. మనం చేసిన పద్ధతి సరైనదా కాదా చూసుకోవడానికి అవి పనికొస్తాయి. మార్కులు కూడటానికి పనికిరావు.

జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసేవాళ్ల సంగతి వేరు. ఒకే రోజు పొద్దున పేపర్ 1, మధ్యాహ్నం పేపర్ 2. మధ్యలో దొరికేది రెండున్నర గంటలు. ఆ టైంలో పేపర్ 1 బిట్లు చర్చించడం శుద్ధ దండగ. ఒకవేళ చర్చించినా తేలదు, ఎందుకంటే ఒకటి కంటే ఎక్కువ సరైన ఆప్షన్లుండే బిట్లకి అక్కడ పాక్షిక మార్కులుంటాయి. సరైనవన్నీ పెడితే నాలుగు. సరైనవి మూడుంటే వాటిలో రెండే పెట్టినవాడికి రెండు, ఒకటే పెట్టినవాడికి ఒకటి. ఒక్క తప్పు ఆప్షన్ కలిసినా మైనస్ రెండు. "నాది నీదానితో కలవలేదు" అన్నంత మాత్రాన సున్నా అయినట్టు కాదు, కలిసిందని ఫుల్ మార్కులూ కావు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. పరీక్షలైన కొన్ని రోజులకి ఎన్‌టీఏ, అంటే పరీక్ష పెట్టే సంస్థ, రెస్పాన్స్ షీట్‌నీ (మనం పెట్టిన జవాబుల రికార్డు) ప్రొవిజనల్ కీనీ (ఇంకా ఖాయం కాని సరైన జవాబుల పట్టిక) లాగిన్‌లో పెడుతుంది. రెండూ వేరువేరు. రెస్పాన్స్ షీట్‌లో మన పేపర్ మొత్తం, ప్రతి బిట్టు పక్కన ఒక క్వశ్చన్ ఐడీ, నాలుగు ఆప్షన్లకి నాలుగు ఆప్షన్ ఐడీలు, స్టేటస్, చివర్లో "చోజెన్ ఆప్షన్" అని 1 నుంచి 4 లోపు ఒక అంకె ఉంటాయి. కీలో మాత్రం క్వశ్చన్ ఐడీ, దానికెదురుగా సరైన ఆప్షన్ ఐడీ, అంతే. "సరైన ఆప్షన్ 2" అని ఉండదు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చోజెన్ ఆప్షన్ 3 అని ఉంటే, ఆ 3ని నేరుగా కీతో పోల్చకూడదు. పైకి వెళ్లి "ఆప్షన్ 3 ఐడీ" ఏమిటో చూసి, ఆ పొడవాటి అంకెని కీలో ఉన్న ఐడీతో పోల్చాలి. ఉదాహరణకి ఒక బిట్టుకి ఆప్షన్ ఐడీల చివరి అంకెలు వరసగా 281, 282, 283, 284 అనుకుందాం. మీరు పెట్టింది మూడోది, అంటే 283. కీలో 283 ఉంటే ప్లస్ నాలుగు, 282 ఉంటే మైనస్ ఒకటి. అదే షిఫ్టులో రాసిన మీ స్నేహితుడి షీట్‌లో 283 మొదటి ఆప్షన్‌గా రావచ్చు. "నేను ఒకటి పెట్టా, నువ్వు మూడు పెట్టావ్" అని ఇద్దరూ కంగారు పడతారు గానీ పెట్టింది ఒకే జవాబు.

ఐడీలు పొడుగ్గా ఉంటాయి, పైగా పక్కపక్క బిట్లవి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మొదటి అంకెలు చూసి కలిసిందనుకోవద్దు, చివరి మూడు నాలుగు అంకెలు చూడాలి. ఫోన్‌లో రెండు పీడీఎఫ్‌లు అటూ ఇటూ మారుస్తూ చూస్తే తప్పు జరిగి తీరుతుంది. కీని ప్రింట్ తీసుకోండి, లేదా ఒకరు రెస్పాన్స్ షీట్ చదువుతుంటే ఇంకొకరు కీ చూసి చెప్పండి. ఇంట్లో అమ్మో అన్నయ్యో ఎవరైనా కూర్చుంటే 75 బిట్లకి అరగంట పట్టదు. కంప్యూటర్ ఉంటే ఐడీని కాపీ చేసి కీలో కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతకడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

సెక్షన్ బీలోని న్యూమరికల్ బిట్లకి ఆప్షన్లు ఉండవు. "గివెన్ ఆన్సర్" అని మనం కొట్టిన అంకె కనిపిస్తుంది, దాన్ని కీలోని అంకెతో పోల్చాలి. 2025 నుంచి సెక్షన్ బీలో ఛాయిస్ తీసేశారు. ఒక్కో సబ్జెక్టుకి 20 ఆప్షన్ బిట్లు, 5 న్యూమరికల్, మొత్తం 25. న్యూమరికల్‌లో తప్పుకి కూడా మైనస్ ఒకటి ఉంది. సీనియర్లు చెప్పే "పదిలో అయిదు రాస్తే చాలు, నెగెటివ్ లేదు" అన్న మాట పాతది. జవాబుని దగ్గరి పూర్ణాంకానికి రౌండ్ చేయమంటారు కాబట్టి మధ్యలో చేసే రౌండింగ్ కొంప ముంచుతుంది. 40 రూట్ 3 వచ్చిందనుకోండి. రూట్ 3ని 1.73గా తీసుకుంటే 69.2, జవాబు 69. తొందరలో 1.7 వేసుకుంటే 68. పద్ధతి అంతా కరెక్ట్, మార్కులు మైనస్ ఒకటి. గ్రావిటీ విలువ 9.8 తీసుకోవాలా 10 తీసుకోవాలా అన్న తగాదా కూడా ఇలాంటిదే. ప్రశ్నలో ఏది ఇచ్చారో రెస్పాన్స్ షీట్‌లో మళ్లీ చదివితే తేలిపోతుంది.

స్టేటస్ లైన్‌ని చాలామంది చూడరు. "నేను రాశాను, కానీ షీట్‌లో నాట్ ఆన్సర్డ్ అని ఉంది, మోసం జరిగింది" అన్న ఫిర్యాదు ప్రతి సీజన్‌లోనూ వినిపిస్తుంది. ఇందులో ఎక్కువ భాగానికి కారణం ఒక బటన్. ఆప్షన్ మీద నొక్కి, సేవ్ అండ్ నెక్స్ట్ కొట్టకుండా కుడివైపు ప్యాలెట్‌లో వేరే బిట్టు నంబర్ మీద నొక్కితే ఆ జవాబు సేవ్ కాదు. ఈ సంగతి పరీక్ష మొదట్లో వచ్చే సూచనల్లోనే ఉంటుంది, ఎవరూ చదవరు. ఇంకో అపోహ, మార్క్ ఫర్ రివ్యూ పెట్టిన బిట్లని దిద్దరని. జవాబు పెట్టి రివ్యూకి మార్క్ చేసినవి, అంటే ఊదారంగు మీద ఆకుపచ్చ చుక్క పడినవి, మామూలుగానే దిద్దుతారు. జవాబు లేకుండా ఊదారంగులో వదిలేసినవే సున్నా. ఈ రెండింటినీ కలిపేసి లెక్క వేసుకుంటే పది మార్కులు అటూ ఇటూ అవుతాయి.

అన్నీ చూశాక మూడు అంకెలు రాసుకోవాలి: కరెక్ట్, తప్పు, వదిలేసినవి. మూడూ కలిపితే 75 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక బిట్టు రెండుసార్లు చూశారు, లేదా అసలు చూడలేదు. 48 కరెక్ట్, 14 తప్పు, 13 వదిలేసినవి అయితే 192లోంచి 14 తీసేస్తే 178. ఇదే లెక్క మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీకి విడివిడిగా రాసి ఉంచుకోండి. మొత్తం ఎన్‌టీఏ స్కోరు సమానమైతే మొదట మ్యాథ్స్ స్కోరు, తర్వాత ఫిజిక్స్, ఆపైన కెమిస్ట్రీ చూస్తారు. అప్పటికీ తేలకపోతే కరెక్ట్ బిట్లతో పోలిస్తే తప్పులు ఎవరికి తక్కువున్నాయో వాళ్లు ముందు. గుడ్డిగా పెట్టిన బిట్లకి అక్కడ కూడా ఖరీదు ఉంది.

ఇప్పుడు కీ తప్పని అనిపించిన బిట్ల సంగతి. ప్రొవిజనల్ కీ మీద ఆబ్జెక్షన్ పెట్టడానికి దొరికేది రెండు మూడు రోజులే. బిట్టుకి 200 రూపాయలు, తిరిగి రావు. లాగిన్‌లో క్వశ్చన్ ఐడీలు వరసగా ఉంటాయి. పక్కనే ఎన్‌టీఏ సరైనదన్న ఐడీ, ఆ తర్వాత టిక్ పెట్టడానికి ఆప్షన్ ఐడీల గళ్లు ఉంటాయి. మనం ఏది సరైనదని వాదిస్తున్నామో దాని మీద టిక్ పెట్టాలి. రెండు సరైనవని వాదిస్తే రెండింటి మీదా పెట్టొచ్చు. రుజువులన్నీ ఒకే పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేసి, చివర్లో సేవ్ చేసి ఫీజు కట్టాలి. ఫీజు కట్టనిదే ఆబ్జెక్షన్ వెళ్లనట్టే. చివరి రోజు రాత్రి దాకా ఆగి, పేమెంట్ తిరుగుతూ ఉండగానే విండో మూసుకుపోయినవాళ్లు తక్కువేం కాదు.

అసలు ఒక కిటుకుంది. ఆబ్జెక్షన్ ఒప్పుకుంటే మారిన కీ అందరికీ వర్తిస్తుంది, డబ్బు కట్టినవాడికే కాదు. అదే షిఫ్టులో రాసిన నలుగురూ ఒకే బిట్టుకి నాలుగు 200లు కట్టక్కర్లేదు. ఒకరు గట్టి రుజువుతో పెడితే చాలు, మిగతా ముగ్గురూ తలా యాభై ఇచ్చుకోవచ్చు. మిగిలిన డబ్బు ఇంకో బిట్టుకి పనికొస్తుంది. ఆబ్జెక్షన్ ఏమైందో విడిగా ఎవరికీ జవాబు రాదు, ఫైనల్ కీ వచ్చాక చూసుకోవాల్సిందే. ఫైనల్ కీ మీద మళ్లీ ఆబ్జెక్షన్ ఉండదు.

రుజువు ఎలా ఉండాలి? "మా సార్ చెప్పారు", "వీడియోలో ఇలా ఉంది" అన్నవి రుజువులు కావు. లెక్క అయితే ఒక పేజీలో మొదటి సమీకరణం నుంచి చివరి దాకా నీట్‌గా రాసిన సొల్యూషన్, ప్రశ్నలో ఇచ్చిన విలువలు పైన స్పష్టంగా. థియరీ అయితే పుస్తకం పేజీ ఫోటో, పేజీ నంబర్, ఏ ఎడిషనో కనిపించే కవర్ పేజీ. ఇనార్గానిక్ కెమిస్ట్రీ బిట్లకి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని వాక్యం ఉంటే పదిమంది లెక్చరర్ల మాట కంటే బలం. ఎంసెట్‌కి, అదే ఇప్పటి ఎప్‌సెట్‌కి, సిలబస్ ఇంటర్‌దే కాబట్టి తెలుగు అకాడమీ పుస్తకం పేజీ పెట్టడం మేలు. తెలుగులో రాసినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. తెలుగు అనువాదంలో తేడా ఉందని ఆబ్జెక్షన్ పెడితే నెగ్గదు, అనుమానం వస్తే ఇంగ్లీషు వెర్షనే ఫైనల్ అని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. అందుకే రెస్పాన్స్ షీట్ చూసేటప్పుడు ఇంగ్లీషు వాక్యం కూడా చదవాలి.

ఎడిషన్ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, 2024 నీట్‌లో (మెడిసిన్ ప్రవేశ పరీక్షలో) జరిగింది అదే. ఫిజిక్స్‌లో రెండు స్టేట్‌మెంట్ల బిట్టు ఒకటి వచ్చింది. మొదటిది, పరమాణువుల్లో ధనావేశం, రుణావేశం సమానంగా ఉంటాయి కాబట్టి అవి తటస్థం అని. రెండోది, ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయి, తమ లక్షణ వర్ణపటాన్ని వెలువరిస్తాయి అని. రేడియోధార్మిక మూలకాలు ఉన్నాయి కదా, "ప్రతి మూలకం" అన్నది తప్పు, కాబట్టి రెండో స్టేట్‌మెంట్ తప్పు. ప్రొవిజనల్ కీలో నాలుగో ఆప్షన్ (మొదటిది ఒప్పు, రెండోది తప్పు) సరైనది. కానీ పాత ఎన్‌సీఈఆర్‌టీలో "ప్రతి మూలకం" అనే ఉంది, కొత్తదాంట్లో "చాలా మూలకాలు" అని మార్చారు. పాత పుస్తకం చూపించి వచ్చిన అభ్యంతరాలతో ఎన్‌టీఏ ఫైనల్ కీలో రెండో ఆప్షన్ (రెండూ ఒప్పు), నాలుగో ఆప్షన్ రెండింటికీ మార్కులిచ్చింది. విషయం సుప్రీంకోర్టుకి వెళ్లింది. కోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులని అడిగింది, వాళ్లు నాలుగో ఆప్షన్ ఒక్కటే సరైనదన్నారు. 2024 జూలై 23న కోర్టు దాన్నే ఖాయం చేసింది. రెండో ఆప్షన్ పెట్టిన నాలుగు లక్షల మందికి పైగా విద్యార్థులకి తలా అయిదు మార్కులు తగ్గాయి. జూన్ 4న 720కి 720తో 67 మంది టాపర్లుండగా, గ్రేస్ మార్కులు తీసేశాక 61 మంది అయ్యారు, ఈ బిట్టు సవరించాక 17 మందే మిగిలారు. ఒక్క బిట్టుకి ఉండే బరువు అది.

నీట్ వాళ్లకి కీ చూసుకోవడం వేరేలా ఉంటుంది. అక్కడ క్వశ్చన్ బుక్‌లెట్ ఇంటికి తెచ్చుకోవచ్చు, ఓఎమ్మార్ (జవాబుల గడులు దిద్దే షీట్) మాత్రం ఇచ్చేయాలి. కాబట్టి మొదట చూడాల్సింది బుక్‌లెట్ కోడ్. వేరే కోడ్ కీతో చూసుకుని ఏడ్చినవాళ్లున్నారు. బుక్‌లెట్‌లో టిక్ పెట్టుకున్నంత మాత్రాన ఓఎమ్మార్‌లో అదే దిద్దినట్టు కాదు. ఒక బిట్టు వదిలేసి, ఓఎమ్మార్‌లో వరస దాటకుండా కిందిదాన్ని దిద్దడం మొదలుపెడితే అక్కణ్నుంచి అన్నీ ఒక గడి పైకి జరిగిపోతాయి. ఎన్‌టీఏ ఓఎమ్మార్ స్కాన్ బొమ్మని, మెషీన్ చదివిన జవాబులని రెండింటినీ ఇస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. గడి పలచగా దిద్దితే మెషీన్ ఖాళీ అనుకుని ఉండొచ్చు. అలాంటివి కనబడితే కీ మీద కాదు, రికార్డ్ అయిన రెస్పాన్స్ మీద ఛాలెంజ్ పెట్టాలి, దానికీ బిట్టుకి 200. ఈ రెండో రకం ఛాలెంజ్ ఉందని చాలామందికి తెలియదు, అందరూ కీ చుట్టూనే తిరుగుతారు.

మళ్లీ జేఈఈకి వస్తే, బిట్టు డ్రాప్ చేశారు (తీసేశారు), దానికి మార్కులు కలిపారు అనగానే అందరూ సంబరపడతారు. లెక్క వేసి చూద్దాం. ఒక ఆప్షన్ బిట్టు తప్పని తేలి తీసేస్తే పరీక్ష రాసిన అందరికీ నాలుగు మార్కులిస్తారు. తప్పు పెట్టినవాడు మైనస్ ఒకటి నుంచి ప్లస్ నాలుగుకి వెళ్తాడు, అంటే అయిదు లాభం. వదిలేసినవాడికి నాలుగు. ఆ బిట్టు మీద ఆరు నిమిషాలు పెట్టి, పేపర్ సెట్టర్ అనుకున్న జవాబునే పట్టుకున్నవాడికి లాభం సున్నా. మార్కులు తగ్గవు గానీ చుట్టూ ఉన్నవాళ్లకి అయిదేసి మార్కులు పెరిగితే పర్సంటైల్ (మనతో సమానంగా, మనకంటే కింద ఎంత శాతం మంది ఉన్నారో చెప్పే అంకె) తగ్గుతుంది. కాబట్టి మీరు కరెక్ట్ పెట్టిన బిట్టు డ్రాప్ కావాలని కోరుకోవడంలో అర్థం లేదు. రెండు జవాబులూ సరైనవని తేలితే ఆ రెండింట్లో ఏది పెట్టినా నాలుగు, వదిలేసినవాడికి ఏమీ రాదు. నాలుగూ సరైనవైతే ప్రయత్నించినవాళ్లందరికీ నాలుగు.

మార్కులు తేలాక అందరూ అడిగే ప్రశ్న: "178కి ఎంత పర్సంటైల్ వస్తుంది?" దీనికి ఒక్క జవాబు లేదు. పర్సంటైల్ లెక్క షిఫ్ట్‌లోపలే జరుగుతుంది. మీ షిఫ్టులో రాసినవాళ్లలో మీతో సమానంగానూ మీకంటే తక్కువగానూ ఎంతమంది ఉన్నారో, దాన్ని షిఫ్టులో రాసిన మొత్తం మందితో భాగించి వందతో గుణిస్తారు. దశాంశం తర్వాత ఏడు అంకెల దాకా వేస్తారు. 2025 జనవరి సెషన్‌లో పేపర్ 1ని పది షిఫ్టుల్లో కలిపి దాదాపు 12.58 లక్షల మంది రాశారు, అంటే ఒక్కో షిఫ్టులో లక్షకు పైనే. ఒక షిఫ్టులో 1,20,000 మంది రాశారనుకుందాం. మీ మార్కులు, అంతకంటే తక్కువ వచ్చినవాళ్లు 1,18,200 మంది అయితే మీది 98.5. మీ పైన 1,800 మంది ఉన్నారు. 99కి చేరాలంటే పైన 1,200 మందే ఉండాలి, అంటే ఇంకో 600 మందిని దాటాలి. ఆ 600 మంది ఎన్ని మార్కుల లోపు కిక్కిరిసి ఉన్నారన్నది ఆ షిఫ్టు పేపర్‌ని బట్టి ఉంటుంది. తేలికైన పేపర్‌లో పై మార్కుల దగ్గర జనం గుంపుగా ఉంటారు, అయిదు మార్కులకే ర్యాంకు బాగా కదులుతుంది. కష్టమైన పేపర్‌లో 178 అంటే చాలా పైన ఉన్నట్టు.

అందుకే సాయంత్రం షిఫ్ట్ రాసినవాడి 195ని, మీ పొద్దుటి షిఫ్ట్ 178ని పక్కపక్కన పెట్టి బాధపడటం దండగ పని. మార్క్స్ వర్సెస్ పర్సంటైల్ పట్టికలు పోయినేడాది షిఫ్టులని బట్టి తయారైనవి. వాటిని ఒక అంకెగా కాదు, అటూ ఇటూ ఒక పరిధిగా చూడాలి. మీ షిఫ్ట్ వాళ్లతో, అది కూడా అబద్ధం చెప్పని వాళ్లతో పోల్చుకుంటే కొంత అందుతుంది. వాట్సాప్ గ్రూపులో స్కోర్లు చెప్పేది బాగా రాసినవాళ్లే, మిగతావాళ్లు సైలెంట్‌గా ఉంటారు. ఆ గ్రూపు సగటు చూసి "పేపర్ ఈజీ అట" అనుకోవద్దు.

ఎప్‌సెట్‌కి నెగెటివ్ లేదు. 160 బిట్లు, 160 మార్కులు, ఇంజినీరింగ్‌కి మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇక్కడ కీ చూసుకోవడం తేలిక: కరెక్ట్ ఎన్నో లెక్కపెడితే అదే మార్కు. మాస్టర్ క్వశ్చన్ పేపర్‌లో సరైన ఆప్షన్‌కి టిక్ కనిపిస్తుంది, కానీ దాంట్లో బిట్ల వరస మీ వరస కాదు. ఇక్కడా ఐడీతోనే వెతకాలి. మీ సెషన్ తేదీ, పొద్దుటిదా మధ్యాహ్నానిదా చూసి సరైన పేపర్ దించుకోవాలి. వచ్చిన మార్కు నార్మలైజేషన్‌లో, అంటే సెషన్ల మధ్య తేడాని సరిచేసే లెక్కలో, కొంచెం పెరగొచ్చు, తగ్గొచ్చు. ఆ సెషన్ సగటు, వ్యాప్తి, టాప్ 0.1 శాతం వాళ్ల సగటు చూసి, అన్ని సెషన్లకీ కలిపి వేసిన అవే అంకెలతో సరిచేస్తారు.

తెలంగాణలో ఇప్పుడు ర్యాంకు ఎప్‌సెట్ మార్కుల మీదే. ఆంధ్రలో ఇంటర్ గ్రూప్ సబ్జెక్టులకి 25 శాతం వెయిటేజీ ఉంది. దీన్ని మర్చిపోయి స్నేహితుడితో పోల్చుకుంటే లెక్క తప్పుతుంది. నార్మలైజ్ అయ్యాక 100 వచ్చిన అబ్బాయికి ఎప్‌సెట్ వాటా 160కి 100 చొప్పున 75లో 46.875. ఇంటర్ గ్రూపులో 85 శాతం అయితే 25లో 21.25. మొత్తం 68.125. 96 వచ్చిన అమ్మాయికి ఎప్‌సెట్ వాటా 45, ఇంటర్‌లో 95 శాతం అయితే 23.75, మొత్తం 68.75. నాలుగు మార్కులు తక్కువ వచ్చిన అమ్మాయే ముందు.

కీ చూడటం పూర్తయ్యాక రెస్పాన్స్ షీట్ పీడీఎఫ్‌ని మెయిల్‌లో దాచుకోండి. ఆ లింకు ఎప్పటికీ ఉండదు. జనవరి సెషన్ రాసినవాళ్లకి ఏప్రిల్ ఉంది, రెండింట్లో మెరుగైనదే లెక్కలోకి వస్తుంది. కాబట్టి తప్పైన ఆ 14 బిట్ల పక్కన పెన్సిల్‌తో ఒక్కో అక్షరం రాసుకోవాలి. చాప్టరే రానిదానికి ఒకటి, పద్ధతి వచ్చి లెక్కలో జారినదానికి ఇంకొకటి, ప్రశ్న తప్పు చదివినదానికి మరొకటి. సేవ్ కానివి తప్పుల్లో ఉండవు, వదిలేసిన 13లో ఉంటాయి, వాటిని విడిగా గుర్తు పెట్టుకోండి. మొదటి రకం పది ఉంటే పుస్తకం తెరవాలి. రెండో రకం, మూడో రకమే ఎక్కువుంటే కొత్త చాప్టర్లు మొదలుపెట్టకుండా, టైం పెట్టుకుని మూడు గంటల మాక్ టెస్టులు రాయడం మంచిది, అదీ అసలు పరీక్షలాగే కంప్యూటర్ మీద, సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కుతూ.